టైగర్ చెవులు

బుల్లెట్ బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే నా చేతులు వాటంతటవే పనిలోకి దిగుతాయి. పప్పు మీద మూత. ఫోన్లో మెసేజీలు మాయం. గీస్తున్న కాగితం బియ్యం డబ్బా వెనక్కి. బండి గేటు దగ్గర ఆగేసరికి నేను వేళ్ళకంటిన పెన్సిలు మసి తుడుచుకుంటూ ఉంటాను.

లక్ష్మీకాంత్ నన్ను ఎప్పుడూ కొట్టలేదు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ఈ మాటే గుర్తుచేస్తుంది. "మావాడు చెయ్యెత్తి ఎరగడు, గొంతెత్తి ఎరగడు. ఉయ్యూరంతా గాలించినా అలాంటి మొగుడు దొరకడమ్మా సింధూరీ." నిజమే. పప్పులో ఉప్పెక్కువైన రోజు అతను గిన్నె తీసుకెళ్ళి సింకులో మెల్లగా వంచాడు. గిన్నె కడిగి, తుడిచి, నా చేతికిచ్చాడు. "మళ్ళీ చెయ్యి. నేను కూర్చుంటాను" అన్నాడు. కూర్చున్నాడు. పప్పు ఉడికినంతసేపూ నా వీపు వైపే చూస్తూ. ఇందులో ఎవరికైనా చెప్పుకోడానికి ఏముంది? కుక్కర్ మూడు కూతలు కూసేలోపు నా జాకెట్టు చెమటతో తడిసిపోయిందని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? టైగర్‌నీ అతను కొట్టలేదు. మొరిగితే బాత్రూంలో గొలుసు కురచగా కట్టి, లైటు ఆపి, తలుపేసి, మొరగడం మానేదాకా టీవీ చూస్తాడు.

కుక్క షోకు అతనిది, తిప్పే పని నాది. పొద్దున్నే భవానీపురం వీధుల్లోంచి పున్నమి ఘాట్ దాకా వెళ్ళి రావడం. రోజు మొత్తంలో ఎవరూ లెక్క అడగని సమయం నాకు అదొక్కటే. హెలెన్ గారు కనిపించింది అక్కడే. రిటైరైన నర్సు. మెట్ల మీద కూర్చుని కొంగని గీస్తున్నారు. నేను వెనక నిలబడి చూస్తుంటే, తలెత్తకుండానే, "ముక్కు పొడుగైందా?" అన్నారు.

"మెడ పొట్టిదైందండీ" అని నోరు జారాను.

"అయితే మీరెయ్యండి" అని అట్టా పెన్సిలూ నా చేతిలో పెట్టారు.

రోజూ అక్కడికి ఇంకొకాయన వస్తారు, జాన్ పాల్ గారు. బ్యాంకు క్లర్కు. జంతువుల బొమ్మలంటే ఇద్దరికీ పిచ్చి. వాళ్ళకో పద్ధతుంది. ఎవరి బొమ్మనీ బాగుందనకూడదు. చూసినవాళ్ళు ఒక్క తప్పు పట్టుకోవాలి, ఎర్ర పెన్సిల్‌తో ఆ బొమ్మ మీదే దిద్దాలి. నా గేదె మీదికి ఎర్ర పెన్సిల్ వచ్చిన మొదటి రోజు చెయ్యి చాపి కాగితం వెనక్కి తీసుకోబోయాను. "సారీ అండీ, మళ్ళీ చేస్తాను" అనేశాను.

"సారీ ఎందుకండీ? గేదె ఏమన్నా కేసు పెట్టిందా?" అన్నారు జాన్ పాల్ గారు, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ.

తప్పు చూపించిన మనిషే టీ కూడా పోసివ్వడం నేనెక్కడా చూడలేదు. ఆ టీ కోసమే మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో గీసిన బొమ్మలు ఫోన్లో పంపితే ఎర్ర గీతలతో తిరిగొచ్చేవి. అవి చూసుకుని, నేర్చుకుని, సాయంత్రంలోపు చెరిపేసేదాన్ని. రాత్రి భోజనం కాగానే అతను, "ఫోనివ్వు" అని చెయ్యి చాపుతాడు మరి.

పిల్లి, మేక, గేదె, ఏది గీసినా ఎర్ర గీత ఒక్కచోటే పడుతుండేది. ఇవాళ పొద్దున హెలెన్ గారు అడిగేశారు.

"ఏంటండీ సింధూరి గారూ, మీ జంతువులన్నీ చెవులు వెనక్కి అతికించుకుని ఉంటాయి?"

"చెవులు అలాగే ఉంటాయి కదండీ?"

"ఎవర్ని చూసి నేర్చుకున్నారు?"

"మా టైగర్‌ని చూసి."

చూసి గీయాలంటే జంతువు కదలకూడదు. టైగర్ కదలకుండా పడుకునేది అతను ఇంట్లో ఉన్నప్పుడే. టీవీ ముందు అతను, వంటింటి గడప దగ్గర టైగర్, తలుపు చాటున బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని నేను. దొరికిపోతానన్న భయం ఉన్నా, అంత కుదురైన మోడల్ మళ్ళీ దొరకదని గీసేదాన్ని. చెవులంటే తలకి అంటుకుని ఉండేవని అలా నేర్చుకున్నాను.

"దాన్ని ఇక్కడే చూసి వెయ్యండి" అన్నారు హెలెన్ గారు.

ఘాట్‌కి రాగానే టైగర్‌ని నా వెనక రెయిలింగ్‌కి కట్టేసి, నేను నీళ్ళవైపు తిరిగి కూర్చుంటాను. ఇవాళ మొదటిసారి దాని వైపు తిరిగాను. రెండు చెవులూ నిటారుగా ఉన్నాయి. ఒకటి పడవ మోటారు వైపు, ఇంకొకటి నా వైపు. ఇది మా కుక్కేనా అనిపించింది. గీసి ఇచ్చాక జాన్ పాల్ గారు ఎర్ర పెన్సిల్ తీసి, ఏమీ గీయకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. హెలెన్ గారు నేను ఇంట్లో వేసి తెచ్చిన టైగర్‌నీ ఘాట్‌లో వేసిన టైగర్‌నీ పక్కపక్కన పెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు, ఎక్కడ నొప్పో చెప్పని పేషెంటుని చూసినట్టు.

"ఘాట్ రోడ్డులో మా మేడ మీద గది ఖాళీగానే ఉందండీ. వాన పడితే వచ్చి గీసుకోండి." బొమ్మలు నా చేతికిస్తూ, "వాన పడకపోయినా రావచ్చు" అన్నారు.

సాయంత్రం బుల్లెట్ చప్పుడు తొందరగా వచ్చింది. బల్ల దగ్గర మా అక్షయ ఐదో తరగతి లెక్కలు చేసుకుంటోంది. నేను కాగితాలు దాచాను, చెయ్యి తుడుచుకున్నాను.

"టీ పెట్టనా అండీ?"

"మన షాపులో బాబీ లేడూ, ఇవాళ నిన్ను తెగ మెచ్చుకున్నాడు" అన్నాడు చెప్పులు విడుస్తూ. "మేడం గారు ఘాట్ మెట్ల మీద బొమ్మలు భలే వేస్తున్నారు సార్ అని. కస్టమర్ల ముందే." వంటింట్లోకి వచ్చాడు. వెతకలేదు. చెయ్యి నేరుగా బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళింది.

అతనికి ఎప్పట్నుంచో తెలుసు. తెలిసీ, రోజూ నేను చెయ్యి తుడుచుకోవడం చూస్తూ ఊరుకున్నాడు.

రెండు బొమ్మలూ బల్ల మీద పరిచాడు. "రెండు కుక్కలెందుకు?"

"ఒకటేనండీ."

అక్షయ లెక్కల్లోంచి తలెత్తి చూసింది. "ఇది నువ్వు ఇంట్లో ఉన్నప్పటి టైగర్, నాన్నా" అంది వేలు పెట్టి. "అది నువ్వు లేనప్పటిది."

అతను నవ్వాడు. "రేపట్నుంచి ఎవరూ తిప్పక్కర్లేదు. టైగర్‌ని మైలవరం తోటకి పంపించేస్తున్నా. బాబీ ఆటో తీసుకొస్తున్నాడు. గొలుసు ఇలా ఇవ్వు." తర్వాత అంతే మెత్తగా, "అక్షయా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో" అన్నాడు.

గీసే ముందు మీకు తెలిసింది కాదు, మీకు కనిపించేది చూడండి అంటారు హెలెన్ గారు. చూశాను. అక్షయ లేచింది. తల వంచుకుంది. రెండు భుజాలూ మెల్లగా చెవుల దాకా లేచాయి. ఆ గీత నాకు బాగా తెలుసు, కాగితాల నిండా గీసింది అదే. ఈ ఇంట్లో వంటలాగే భయం కూడా నా ఒక్కదాని పనే అనుకున్నాను. అందరి తరఫునా నేనే పడుతున్నాననుకున్నాను.

మేకుకున్న గొలుసు తీశాను. అతను చెయ్యి చాపాడు. నేను వంగి దాన్ని టైగర్ మెడకి తగిలించాను.

"అక్షయా, చెప్పులేసుకో."

"ఎక్కడికి?" అతను ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"తిప్పడానికండీ."

బల్ల మీది బొమ్మల్ని అక్కడే వదిలేశాను. పిల్ల చెయ్యి ఒక చేతిలో, గొలుసు ఇంకో చేతిలో. గేటు గడియ అక్షయే తీసింది. ఘాట్ రోడ్డు వైపు తిరిగాం. హెలెన్ గారి మేడ మీద లైటు కనిపిస్తోంది.

వెనక బుల్లెట్ స్టార్టయింది. టైగర్ చెవులు తలకి అతుక్కుపోయాయి. అక్షయ భుజాలు లేచాయి. నావీ లేచే ఉంటాయి. కాళ్ళు మాత్రం ఆగలేదు.