ఏడో నగరం

రంపపు బ్లేడు చెక్క మీద గీసిన మేడ మూల దగ్గర మలుపు తిరిగేసరికి పిన్ని ఊపిరి బిగబట్టింది. చెక్కను తోయలేదు. రెండు అరచేతులూ ఆనించి, నిద్రపోతున్న బిడ్డ తల తిప్పినంత మెల్లగా తిప్పింది. మూల నలగకుండా వచ్చింది. తరువాత శిఖరం, దాని మీద సూదిలాంటి స్తంభం. స్విచ్ ఆపి, పొట్టు ఊదేసి, "ఆరోదీ అయింది" అంది ఎవరితోనో అన్నట్టు.

కార్ఖానాలో అందరికీ ఆమె పిన్నే. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే మిషను, అదే స్టూలు. పొట్టి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ సన్నటి పొట్టు. దుకాణాల పేర్లు, బళ్ల బోర్డులు, తలుపుల మీది లతలు... ఆమె చెయ్యి పడని వీధి ఊళ్లో లేదు, కోసిందెవరని అడిగినవాళ్లూ లేరు. ఏడాదిగా కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ లేదు. మిషను అదురు తినేసిందన్నాడు డాక్టరు. ఆ మాట భర్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఈ నెలంతా నగరాలే. కొత్త రైల్వే స్టేషను హాల్లో ఏడు నగరాల నడిబొడ్డులు నల్లచెక్కలో వేలాడదీస్తారట. మేడల వరస ఆకాశం మీద కనిపించే అంచు మాత్రమే. మొదటి ఆరూ ఆమె చూడని ఊళ్లు, అయినా కోసి కోసి వాటి గుణాలు తెలిసిపోయాయి. ఒకటి పళ్లన్నీ సమంగా ఉన్న దువ్వెన. ఇంకొకటి సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగిపోయింది. మూడోదాంట్లో ఒకే ఒక్క మేడ, చుట్టూ అన్నీ మరుగుజ్జులు. "ఈ ఊళ్లో పెత్తనమంతా ఒక్కడిదే" అని నవ్వుకుంది. ఐదోది వెనకున్న కొండల్ని చూసి కుళ్లుకుని పెరిగినట్టుంది.

ఏడోది సొంత ఊరు. స్టేషను హాలు పని చూసే డిజైనరు దాని గీత ఉన్న కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. పిన్ని కళ్లద్దాలు సర్దుకుని చూసింది. మళ్లీ చూసింది.

"ఇది ఏ ఊరు సార్?"

"మనదే."

"మరి మన గడియారం మేడేదీ? నూలుమిల్లు పొగగొట్టమేదీ?"

అతను పెదవి విరిచాడు. "ఆ ఆరింటి పక్కన మనది వెలవెలబోతుందండీ. అందుకని నాలుగు పెద్ద మేడలు కలిపాను. ఎప్పుడో కడతార్లెండి."

"కట్టాక కోస్తాను."

కార్ఖానా యజమాని గబగబా వచ్చాడు. ఆమెను పనిలో పెట్టుకున్నది అతని తండ్రి. ఇతను ఆ పొట్టుకుప్పల్లోనే ఆడుకుని పెరిగాడు. "పిన్నీ, ఇచ్చింది కోసెయ్. మనకెందుకు? సాయంత్రానికి గోడ మీదుండాలి. ఉన్నది ఒక్కటే చెక్కపలక."

ఇన్నేళ్లూ ఇచ్చింది ఇచ్చినట్టే కోసింది. పేరులో అక్షరం తప్పు రాసిచ్చినా నోరు మెదపలేదు. ఇవాళ మాత్రం నోరు ఊరుకోలేదు.

"ఆ హాలుకి ఒకవైపంతా అద్దమే కదా బాబూ. అద్దంలోంచి నది, నది అవతల మన ఊరు. ఎదురుగా నిజం పెట్టుకుని పక్కన అబద్ధం వేలాడదీస్తే జనం నవ్విపోరూ?"

"మళ్లీ గీయడానికి నాకు టైం లేదు" అన్నాడు డిజైనరు.

"గీత నేనేస్తా."

రోజూ రెండుసార్లు బస్సులో వంతెన దాటే మనిషి. సుద్దముక్క తీసుకుని, పలక మీద ఎడమ నుంచి కుడికి ఒక్క పట్టున గీసింది. ఆస్పత్రి చదును కప్పు, మిల్లు గొట్టం, నిచ్చెనతో సహా నీళ్ల ట్యాంకు, గడియారం మేడ, తరువాత కొంచెం ఖాళీ.

"ఈ ఖాళీ ఏంటి?" అన్నాడు డిజైనరు.

"కాలిపోయిన పాత సంత. ఇంకా ఖాళీగానే ఉందిగా."

డిజైనరు తన కాగితం చుట్టేశాడు. "చెక్క పాడైతే మునిగిపోతాం పిన్నీ" అన్నాడు యజమాని.

"పాడవదు."

వేళ్లు చెప్పనిది అరచేతుల్ని అడిగింది. గడియారం మేడ కొసన చెక్కలో ముడి తగిలి బ్లేడు మొరాయించింది. పిన్ని మిషను ఆపి, పలకను అటు తిప్పి, రెండోవైపు నుంచి వచ్చింది. అన్నం డబ్బా మూత తీయలేదు. మూడింటికి ఊరు బల్ల మీద పడుకుంది, ఒక్క పెచ్చు లేవకుండా.

సాయంత్రం హాల్లో ఏడూ గోడకెక్కాయి. మొదటి ఆరు నగరాలకీ జనం దూరం నుంచే ఫోటోలు తీసుకున్నారు. ఏడోదాని దగ్గర తుడిచే ఆవిడ చీపురు వదిలేసి ఆగిపోయింది. "ఇదిగో మా మిల్లు! మా నాన్న ఈ గొట్టం కిందే పనిచేశాడు!" మరొకడు అద్దంవైపు చూసి, గోడవైపు చూసి కేకేశాడు: "ఒరేయ్, ట్యాంకు నిచ్చెన కూడా ఉందిరా!" ఇంకేముంది, హాలంతా అక్కడే. వేళ్లు చూపించేవాళ్లు, తమ వీధి వెతుక్కునేవాళ్లు. రైలు వచ్చిందని మైకులో చెప్పినా కదలరు.

డిజైనరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "నేను ఓడిపోయాను పిన్నీ." ఆ పిలుపు అతని నోట అదే మొదటిసారి.

"ఎత్తులో మనమే ఓడాం సార్" అంది, నవ్వు దాచుకోకుండా. "పోలికలో గెలిచాం."

హాలు గుమ్మం దగ్గర పిన్ని యజమానితో చెప్పింది. "రేపట్నుంచి రాను బాబూ. వేళ్లు మొద్దుబారిపోయాయి. ఏడాదైంది."

"మరి పొద్దున్న అంత ధీమాగా పాడవదన్నావ్?"

"అంటేనే కదా నువ్వు పలకిచ్చావు!"

బస్సొచ్చింది. పిన్ని నది కనపడే వైపు సీటు చూసుకుని కూర్చుంది. బస్సు తలుపు మూసుకుంది.

యజమాని తాళం వేయడానికి కార్ఖానాకి వెళ్లాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన గోడకు ఆనుకుని, నగరాన్ని కోసి తీసేశాక మిగిలిన పైముక్క నిలబడి ఉంది: ఊరి మీది ఆకాశం, అంచంతా ఇంకా పొట్టు అంటుకుని.