కానుకల తక్కెడ

హిందూపురం బజారులో మిగతా షట్టర్లు లేవకముందే సీతారామాంజనేయులు కొట్టు తెరుచుకునేది. చింతపండు బుట్టల మీద గోనెపట్టా తీసి, బెల్లం దిమ్మెల మీది ఈగలు తోలి, గడప ముందు నీళ్లు చల్లి, చివరగా దూలానికి వేలాడే ఇత్తడి తక్కెడకు సాంబ్రాణి పొగ చూపించేవాడు. సరుకులు తూచడానికి గల్లాపెట్టె పక్కన కరెంటు కాటా ఉంది. దూలానికి ఉన్నది కానుకలు తూచడానికి.

అది వాళ్ల తాత నాటిది. ఒక పళ్లెంలో పావుకిలో రాయి, రెండో పళ్లెంలో కానుక. కానుక సరైనదైతే మూరెడు మల్లెపూలకైనా పళ్లెం కిందికి దిగుతుంది. కాకపోతే వెండి బిందె పెట్టినా గాల్లోకి లేస్తుంది. మనసారా ఇచ్చేది దిగుతుంది, మొక్కుబడిగా ఇచ్చేది లేస్తుంది అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. తూనికల ఆఫీసరు కూడా ఏడాదికోసారి వచ్చి కరెంటు కాటాకు ముద్ర వేసి, పోతూ పోతూ అత్తగారికి కొన్న చీరను తక్కెడలో పెట్టి చూసుకుని, మొహం మాడ్చుకుని వెళ్లేవాడు.

ఆ రోజు మొదటి బేరం శోభారాణి టీచరుది. ఆడబిడ్డ గృహప్రవేశానికి కొన్న మిక్సీని పళ్లెంలో పెట్టింది. అది అట్టపెట్టెతో సహా తల మీదికి లేచింది.

"ఆమెకి ఇంతకన్నా ఏం పెట్టల్లప్పా?" అని విసుక్కుంది.

"నన్నడిగితే ఎట్లమ్మా. పోయి ఇంకోటి చూడు."

ఆవిడ వెళ్లాక ఆంజనేయులు అటూ ఇటూ చూసి, బియ్యం బస్తాల వెనక నుంచి పేపరు చుట్టిన సీసా ఒకటి తీశాడు. మూడు తరాలుగా మందు సీసా గడప తొక్కని ఇల్లు వాళ్లది. ఆ సీసాలో ఉన్నది మేలురకం వైను.

అది తమ్ముడు చైతన్య కోసం. చైతన్య ధర్మవరంలో పట్టుచీరల కొట్టు తెరుస్తున్నాడు. అన్నదమ్ములకు మాటల్లేక ఎనిమిదేళ్లు. నాయన పెద్దకర్మ నాడు చైతన్య తాగి వచ్చి విస్తళ్ల మధ్య పడిపోతే, ఆంజనేయులు రెక్క పట్టుకుని గడప బయటికి నెట్టి, "ఇంక నువ్వు మా ఇంటోడివి కాదు" అన్నాడు. బంధువులందరూ చూశారు. ఆ మాట అన్న నోరు ఆ తర్వాత ఎన్ని రాత్రులు అన్నం సహించక బాధపడిందో ఎవరూ చూడలేదు.

మొన్న మరదలు ప్రియదర్శిని ఫోన్ చేసింది. "బావా, మీరు తప్పకుండా రావల్ల. తక్కెడ కూడా తెమ్మన్నారు ఆయన. మీ చేత్తో తూచి ఇస్తేనే కొట్లో దీపం పెడతారంట."

అది ఆ ఇంటి రివాజు. పెళ్లికూతురి నగల నుంచి పిల్లవాడి పలక దాకా, ఇంటివాళ్లకు ఇచ్చేది ఏదైనా నలుగురి ముందు తక్కెడలో దిగాకే చేతికి ఇస్తారు.

ఏమివ్వాలి? ఆంజనేయులు బాగా ఆలోచించాడు. ధోవతుల జత ఎవరైనా ఇస్తారు. 'నువ్వు తాగినా, తాగకపోయినా నా తమ్ముడివే' అని చెప్పే కానుక కావాలి. నోటితో అనలేని మాట అది. హిందూపురంలో సీసా కొంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది కాబట్టి, రాష్ట్రం బార్డరు దాటి గౌరిబిదనూరు వెళ్లాడు.

అక్కడ షాపతను రెండు సీసాలు ముందు పెట్టాడు. ఆంజనేయులు కళ్లజోడు తీసి తుడుచుకుని వాటి మీది అంకెలు చదివాడు.

"ఏమప్పా, ఎప్పటి సరుకో నాకు అంటగడతాండావా? కొత్తది తియ్యి."

"సార్, ఇందులో పాతదానికే దుడ్లు ఎక్కువ. ఎంత నిలవుంటే అంత రుచి."

ఆంజనేయులు కాసేపు ఆలోచించాడు. "పాత బియ్యం మాదిరి అన్నమాట."

"అంతే సార్."

అప్పుడు అర్థమైంది. మంచినూనె చూసినట్టు సీసాను వెలుతురుకు ఎత్తి అడుగున మడ్డి ఉందేమో చూశాడు. మూత వాసన చూశాడు. అలవాటు కొద్దీ, "ఒక చుక్క రుచి చూపించు" అని అరచెయ్యి చాపి, తన చెయ్యి చూసుకుని తనే సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాడు. చివరికి షాపులోకల్లా మంచిదని షాపతను ఒట్టు వేసి చెప్పిన సీసా తెచ్చుకున్నాడు.

ఆ సీసాను ఇప్పుడు పళ్లెంలో పెట్టాడు. పళ్లెం లేచింది.

రాయి సరిచూసి మళ్లీ పెట్టాడు. మళ్లీ లేచింది. వెనక నుంచి భార్య సత్యభామ గొంతు వినిపించింది.

"మీ మనసులో ఇంకా కోపం ఉండాది."

"లేదు సత్యా. ఒట్టు."

"మరి తక్కెడ అబద్ధమాడతాదా? ధోవతులు తీసుకుపోండి. నలుగుర్లో అది పైకి లేస్తే ఆయప్ప మొహం యాడ పెట్టుకుంటాడు? ఈసారి పోతే మళ్లా రాడు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. తన గుండెలో తనకే తెలియని విషం ఏదో మిగిలి ఉందేమోనని రోజంతా వెతుక్కున్నాడు. ఒక్క నిజం మాత్రం దొరికింది: తమ్ముడంటే తనకు ప్రాణం. ఆ ప్రాణం ఉగ్గబట్టుకుని సాయంత్రం మళ్లీ తూచాడు. ఈసారి పళ్లెం ఇంకా పైకి పోయింది. ఆంజనేయులుకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తక్కెడ మాట కాదనుకున్నాడు. నలుగురూ చేరకముందే సీసాను తమ్ముడి చేతిలో చాటుగా పెట్టేస్తే సరి, తూచేటప్పుడు పూలో పండ్లో చూపించవచ్చు అనుకున్నాడు.

మర్నాడు రైలెక్కాడు. తక్కెడ గోనెసంచిలో కాళ్ల దగ్గర, సీసా గుడ్డసంచిలో ఒళ్లో. పెనుకొండ దగ్గర కిటికీలోంచి కొండ కనబడింది. చిన్నప్పుడు ఆ కోట ఎక్కి దిగేటప్పుడు చైతన్య కాలికి ముల్లు దిగితే, వాణ్ణి వీపున వేసుకుని మెట్లన్నీ దిగాడు తను. "అన్నా, బరువుండానా?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు. "లేవులేరా" అని తను చెబుతూనే ఉన్నాడు. అది తలుచుకుంటుంటే ఒళ్లోని సంచి దూదిలా తేలికై పైకి లేవసాగింది. ఆంజనేయులు భయపడి దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఎదుటి సీటులో జామకాయల బుట్టతో కూర్చున్న తిమ్మక్క అనే ఆవిడ అది చూసింది.

"ఎవరికప్పా కానుక?"

"మా తమ్మునికి."

"అట్ల లేస్తాంటే ఎట్ల ఇస్తావు? ఇంకోటి చూడగూడదా?" అని ఒక జామకాయ చేతిలో పెట్టి, ధర్మవరం రాగానే దిగిపోయింది.

చాటుగా ఇద్దామన్న ఎత్తు పారలేదు. ఆటో దిగేసరికే బంధువులందరూ కొట్టు ముందున్నారు. చైతన్య ఎదురొచ్చాడు. మనిషి సగమయ్యాడు, జుట్టు నెరిసింది. అన్న కాళ్లకు దండం పెట్టి, రెండు సంచులూ తనే అందుకున్నాడు. ఆంజనేయులు వారించే లోపే తక్కెడను దూలానికి తగిలించాడు, రాయి పెట్టాడు, గుడ్డసంచి తెచ్చి రెండో పళ్లెంలో పెట్టేశాడు.

"చూడండి, మా యన్న నాకేం తెచ్చినాడో!" అన్నాడు పిల్లవాడిలా.

పళ్లెం లేచింది. లేస్తూ ఉంటే సంచి మాత్రం జారి కిందపడింది, పేపరు విడిపోయింది, పళ్లెంలో మిగిలిన ఎర్రటి సీసా అందరికీ కనబడింది. ప్రియదర్శిని చేతిలోని హారతి పళ్లెం కిందపడింది.

"ఇంకా కోపం పోలేదు చూడు," అని వెనక ఎవరో గొణిగారు. "ఎగతాళికి తెచ్చినాడు," అని ఇంకొకరు.

ఆంజనేయులుకు అవేవీ వినబడలేదు. ఆయన చూస్తున్నది తమ్ముడి కుడిచెయ్యిని. అది సీసా కోసం పైకి లేస్తోంది. వణుకుతోంది. చైతన్య మొహం వద్దంటోంది, చెయ్యి మాత్రం పోతూనే ఉంది. వేళ్లు పళ్లెం అంచుకు తగలబోయేసరికి పళ్లెం ఇంకో జానెడు పైకి పోయింది. చైతన్య మునివేళ్ల మీద నిలబడ్డాడు. పళ్లెం గొలుసులతో సహా దూలం దాకా పోయి అక్కడ ఆగింది.

అప్పుడు ఆంజనేయులుకు తెలిసింది. ఆ తక్కెడ తన మనసును ఎన్నడూ తూచలేదు. అది సీసాను తమ్ముడికి అందకుండా పట్టుకుంది, అంతే.

ఆయన ఒక్క ఊపున స్టూలు ఎక్కి సీసా దించి, వీధిలోకి పోయి, మూత పీకి, మురిక్కాలవలో కుమ్మరించాడు. అంత ఏరి కోరి తెచ్చిన సరుకు కాలవలో ఎర్రగా పారింది. సీసాను అక్కడే వదిలేసి లోపలికి వచ్చాడు.

చైతన్య నేల మీద కూర్చుని ఉన్నాడు. "మానేసి ఏడాది కావస్తాంది అన్నా. చెప్తే దిష్టి తగుల్తాదని ఎవరికీ చెప్పలేదు. నేను మానేసినా. ఈ చెయ్యే ఇంకా మానలేదు. పగలంతా బాగుంటాను. చీకటి పడితేనే..." అని ఆగిపోయాడు.

ఎనిమిదేళ్లలో ఒక్క ఫోన్ చేసి 'ఎట్లుండావురా' అని అడగలేదు తను. గడప బయటికి నెట్టిన తాగుబోతుకే కానుక కొన్నాడు గానీ, ఈ మనిషి ఎవరో తనకు తెలియనే తెలియదు.

"తప్పయిందిరా," అన్నాడు ఆంజనేయులు అందరి ముందూ.

"కానుక తూచకుండా దీపం ఎట్ల పెట్టేది బావా?" అంది ప్రియదర్శిని ఏడుస్తూనే.

ఆంజనేయులు చేతుల్లో ఏమీ లేదు. పళ్లెం మెల్లగా కిందికి వచ్చి ఆయన ఎదురుగా నిలిచింది. ఆయన తన ఖాళీ చెయ్యి అందులో పెట్టాడు. పళ్లెం దిగింది. దిగి దిగి నేల మీద కూర్చున్న చైతన్య ఒళ్లోకి వచ్చి ఆగింది. చైతన్య ఆ చేతిని పట్టుకున్నాడు. వణుకు తగ్గలేదు, కానీ పట్టు విడవలేదు. ప్రియదర్శిని దీపం వెలిగించింది.

సాయంత్రం బండికి బంధువులు వెళ్లిపోయారు. ఆంజనేయులు భార్యకు ఫోన్ చేశాడు.

"సత్యా, రేపు కొట్టు నువ్వే తెరువు."

"ఎప్పుడొస్తారు?"

"తెల్దు. ఈడ పని ఉండాది."

"తక్కెడో?"

"అదీ ఈడే ఉంటాది. కానుక తూచల్లంటే ధర్మవరం రమ్మను."

చీకటి పడుతుంటే అన్నదమ్ములిద్దరూ షట్టరు దించి ఇంటికి నడిచారు. మలుపులో లైట్లు వెలుగుతున్న వైన్ షాపు ముందు చైతన్య అడుగులు నెమ్మదించాయి. ఆంజనేయులు తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకు నడిచాడు.

"బరువుండానా అన్నా?" అని అడిగాడు చైతన్య.

"లేవులేరా," అన్నాడు ఆంజనేయులు.