ముందు పళ్ళు, వెనక బోసినోరు

మలుపు దగ్గర బండి తిరగలేదు. కిందటేడు ఫిబ్రవరిలో జరిగింది అంతే. కాకపోతే ఆ తిరగని బండి నెస్టర్ కెంపైనెన్‌ది, ఆయన వరసలో మొట్టమొదటివాడు. హ్యాండిల్ కుడికి తిప్పిన మనిషి తిప్పినట్టే ఉండి, బండితో సహా నేరుగా వెళ్ళి ఆల్డర్ పొదల్లో దూరాడు. వెనక వస్తున్న స్నోమొబైళ్ళన్నీ, అంటే మంచు మీద పరిగెత్తే మోటారు బళ్ళన్నీ, ఒకదాని వెంట ఒకటి, ఎంతో భక్తిగా, అవే పొదల్లో దూరాయి. మంచు దుమ్ములో ముందు బండి ఎర్రదీపం తప్ప మరేమీ కనపడదు కాబట్టి దాన్నే నమ్ముకుని పోవడం మా క్లబ్బు పద్ధతి. ఎందుకటు పోయావని అడగడం తర్వాత, బీరు దగ్గర.

బీరు దగ్గర అడిగారు. అడిగి ఊరుకోక తీర్మానం కూడా చేశారు. వచ్చే ఏడు సరస్సు యాత్రకు కూడా నెస్టరే ముందు నడుస్తాడు గానీ, మళ్ళీ ఒక్కసారి దారి తప్పితే ఆ చోటు ఆయన బావమరిది రూడీది. ఏటా ఫిబ్రవరి చివరి శనివారం క్లబ్బంతా గడ్డకట్టిన సరస్సు దాటి, అవతలి ఒడ్డున డార్లీన్ హోటల్లో వేయించిన చేపలు తిని వస్తుంది. ఆ చేపల కోసం కాదు, ఆ వరస కోసం.

దీనికింత బాధెందుకని బయటివాళ్ళకు అనిపించవచ్చు. నెస్టర్ పనిచేసిన రంపపు మిల్లు మూతపడింది. చర్చి పాటల బృందం వాళ్ళు ఆయన గొంతుకు విశ్రాంతి అవసరమని మర్యాదగా సెలవిచ్చారు. ఇంట్లో ఆయన మాటను కుక్క కూడా కాసేపు ఆలోచించుకుని వింటుంది. ఊళ్ళో ఆయనకంటూ మిగిలింది వరసలో ఆ మొదటి చోటు ఒక్కటే. అది తండ్రి దగ్గరనుంచి వచ్చింది. అది కూడా పోతే అద్దంలో ఎవరిని చూసుకోవాలో ఆయనకు తెలియదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, నిజం చెప్పాలంటే ఈసారి మద్దెల కూడా ఓడే. ఈ బళ్ళకు ముందు చక్రాల బదులు స్కీలనే రెండు పొడుగాటి బద్దలు, వాటి అడుగున రన్నర్లని ఉక్కు కమ్మీలుంటాయి. మంచును కోసుకుంటూ బండిని తిప్పేవి అవే. నాలుగడుగులు నడిస్తే కాళ్ళు అరిగిపోతాయన్నట్టు, ప్రతి శుక్రవారం బీరుకొట్టు గుమ్మం దాకా కంకర మీదే బండి తోలుకుపోయేవాడు నెస్టర్. కాళ్ళు అరగలేదు, రన్నర్లు అరిగాయి. కొత్త జత ఒకటి బిగిస్తే కథ అక్కడితో ముగిసేది. అంత తేలిగ్గా ముగిసే కథలు మగవాళ్ళకు రుచించవు కదా.

అందుకని ముందు స్కీలే మార్చాడు. పాతవి సన్నం, కొత్తవి ఏనుగు చెవులంత వెడల్పు, అడుగున పొడుచుకొచ్చిన గట్టుతో. ఆ స్కీలకు మామూలు రన్నర్లు చిన్నబోతాయని ఉక్కును మించిన గట్టి కార్బైడ్ పళ్ళున్న పొడుగువి తెప్పించాడు. ఒంటి రన్నరైతే ముందు పోయిన బళ్ళు కోసిన గాడుల్లో పడి బండి అటూ ఇటూ కొట్టుకుంటుందని ఎక్కడో చదివి, వాటినీ పక్కన పడేసి స్కీకి రెండేసి చొప్పున జంట రన్నర్లు తెప్పించాడు. వచ్చిన ప్రతి పెట్టెనూ భోజనాల బల్ల మీద విప్పి, దీపం కింద తిప్పి తిప్పి చూసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో తనను కూడా అంత శ్రద్ధగా చూసింది లేదని ఆయన భార్య ఐలీ అంటే, ఆయన తలెత్తకుండా “ఊఁ” అన్నాడు.

ఐలీ గురించి చెప్పాలి. నెస్టర్ ముందు నడిచినన్నేళ్ళూ వెనక సీట్లో ఆవిడే ఉంది. ఎదురుగా బళ్ళు వస్తే, మా వెనక ఇంకా ఎన్ని ఉన్నాయో వేళ్ళెత్తి చూపడం ఇక్కడి మర్యాద. వరసలో చివరివాడు మూసిన పిడికిలి చూపిస్తాడు, ఇక ఎవరూ లేరని. నెస్టర్ రెండు చేతులూ హ్యాండిల్‌తో కుస్తీలో ఉంటాయి కాబట్టి ఆ వేళ్ళెత్తే పని ఆవిడది. ఇంకో పని, మలుపు బాగా తిరిగినప్పుడల్లా ఆయన “చూశావా?” అని అరిస్తే, ఆయన వీపు తప్ప ఏమీ కనపడని చోటునుంచి “చూశా” అనడం.

యాత్రకు వారం ముందు నెస్టర్ గరాజులో పరీక్ష జరిగింది. రూడీ, క్లబ్బు మిత్రులు ఇద్దరు ముగ్గురు కాఫీ కప్పులతో బండి చుట్టూ చేరారు. రూడీ వంగి స్కీల కింద వేలు పెట్టి చూసి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

“తెగిందా?” అన్నాడు నెస్టర్ సంబరంగా.

“తెగింది. బాగా నూరావు బావా. మరి వెనక తిరిగే రబ్బరు పట్టాకి మేకులేవి?”

“మేకులెందుకు?”

“ముందు పళ్ళు, వెనక బోసినోరు. గాజులాంటి మంచు మీద ముందుది కరుచుకుంటుంది, వెనకది జారి పక్కకొస్తుంది. ఆ పెట్టె మీద కూడా రాశాడుగా, ముందు ఎంత పట్టు పెంచితే వెనక అంత పెంచమని.”

“పెట్టెల మీద రాసేవాడు నాకు నేర్పుతాడేంట్రా? మా నాన్నేమనేవాడో తెలుసా? ముందున్నది సరిగ్గా పోతే వెనకున్నది అదే వస్తుందనేవాడు.”

“మీ నాన్న ఆ మాటన్నది గుర్రం గురించి బావా.”

అందరూ నవ్వారు. నవ్వు మీద నవ్వుగా రూడీ ఇంకోటి అడిగాడు. “ఇన్ని బిగించినా మొన్న గుడిసెల దగ్గర మలుపు సరిగ్గా తిరగక బయటికి పోయావటగా?”

అప్పటికైనా నోరు మూసుకుంటే సరిపోయేది. నెస్టర్ తుడుపుగుడ్డ భుజాన వేసుకున్నాడు.

“అది స్కీల తప్పు కాదు, రన్నర్ల తప్పూ కాదు. వెనక బరువు ఎక్కువై ముందు తేలిపోతోంది. ఒక్కణ్ణే పోతే చూడండి, కత్తిలా తిరుగుతుంది.”

ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా తమ తమ కప్పుల అడుగు పరీక్షించసాగారు. గుమ్మంలో ఐలీ, చేతిలో ఏలకుల రొట్టె పళ్ళెంతో నిలబడి ఉంది. నెస్టర్ చెప్పింది లెక్క ప్రకారం నిజమే. కాపురాల్లో నిప్పు పెట్టే మాటలు చాలామటుకు లెక్క ప్రకారం నిజమైనవే. ఆవిడ లోపలికి వచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టింది.

“తినండి, వేడిగా ఉంది,” అంది అందరితో. “నెస్టర్‌కి మాత్రం వద్దులే. బరువు.”

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన వంటింట్లోకి వచ్చి కాసేపు గోడకున్న కేలెండరు చూశాడు.

“నేనన్నది నిన్ను కాదు.”

“మరి వెనక కూచునేది ఎవరు?”

“మామూలుగా అన్నా, శాస్త్రం ప్రకారం.”

“అలాగా. ఐతే శనివారం శాస్త్రాన్నే ఎక్కించుకో. నేను రూడీ బండి మీదొస్తా.”

అలుక రెండు రోజులుంటుందనుకున్నాడు. శనివారం వచ్చింది, ఆవిడ హెల్మెట్ పెట్టుకుని తిన్నగా వరస చివరికి నడిచి తమ్ముడి వెనక కూచుంది. నెస్టర్ చూడనట్టు చూసి బండి తీశాడు.

అడవిలో బండి నడిచిన తీరు చూస్తే ఆయన అన్నదంతా వేదమే అనిపించింది. రాత్రి క్లబ్బు యంత్రం చదును చేసిన మెత్తటి మంచు. కొత్త రన్నర్లు కసకస కోసుకుంటూ పోతున్నాయి. హ్యాండిల్ మీద ఒక వేలు వేస్తే చాలు, బండి మాట వింటోంది. గుడిసెల మలుపు తాడు పట్టి గీసినట్టు తిరిగాడు. “చూశావా?” అని అరిచాడు అలవాటుకొద్దీ. ఇంజను మోత తప్ప జవాబు లేదు. ఆ తర్వాత వీపు చల్లబడింది. ఇన్నేళ్ళూ ఆ వీపును గాలికి అడ్డుగా కాసింది ఎవరో ఆయనకు తట్టింది. తట్టినా ఆ ఆలోచన నచ్చక వేగం పెంచాడు.

చెట్లు అయిపోయి సరస్సు వచ్చింది. రాత్రంతా వీచిన గాలి మంచునంతా ఊడ్చేసింది. కింద నీలంగా గడ్డ, అద్దంలా. జనం పండగయ్యాక పారేసిన క్రిస్మస్ చెట్లను క్లబ్బు వాళ్ళు దారి గుర్తుగా వరసగా పాతి ఉంచారు. ఆ వరస సరస్సు మధ్యలో ఎడమకు తిరుగుతుంది. అక్కడినుంచి డార్లీన్ హోటల్ కిటికీలు, కిటికీల వెనక ముఖాలు కనపడతాయి. ముఖాల కోసమే అన్నట్టు నెస్టర్ దర్జాగా ఎడమకు తిప్పాడు.

ముందు భాగం కరుచుకుంది. పులి కరిచినట్టు కరిచింది. వెనక భాగానికి ఆ విషయం ఎవరూ చెప్పలేదు, దాని దారిన అది వచ్చి పక్కకు చేరి, అక్కడ ఆగక ముందుకొచ్చింది. బండి బొంగరంలా తిరిగింది. హోటలు, అడవి, క్లబ్బు, మళ్ళీ హోటలు ఆయన ముందునుంచి సాగిపోయాయి. ఆగేసరికి ఆయన తన వరసకే ఎదురుగా, దీపానికి దీపం పెట్టి నిలబడి ఉన్నాడు. పొదల్లో దూరిన అనుభవం ఉంది కాబట్టి ఈసారి ఎవరూ ఆయన్ని అనుసరించలేదు.

ఆయన బండి తిప్పుకుని మళ్ళీ బయల్దేరాడు. పది గజాలు పోయి మళ్ళీ తిరిగాడు, ఈసారి ఒక క్రిస్మస్ చెట్టును కూడా వెంట తీసుకుని.

రూడీ వరస చివరినుంచి ముందుకొచ్చి బండి ఆపాడు. “ఏం బావా, ప్రదక్షిణాలు చేస్తున్నావు? మొక్కేమైనా ఉందా?”

నెస్టర్ హెల్మెట్ అద్దం ఎత్తలేదు. దాని వెనక కళ్ళు తడిగా ఉన్నాయని, అది గాలివల్ల కాదని ఆయనకు తెలుసు. పోయింది. తండ్రి ఇచ్చింది, ఆయన దగ్గర మిగిలింది, హోటలు కిటికీల ఎదురుగానే పోయింది.

“నువ్వు ముందు నడువు రూడీ,” అన్నాడు చివరికి.

రూడీ నవ్వడం మానేశాడు. ఐలీ దిగేదాకా ఆగి, ముందుకు కదిలాడు. వరస మొత్తం రూడీ వెంట కదిలింది. నున్నటి గడ్డ మీద జారకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ ఐలీ నెస్టర్ బండి దగ్గరికి వచ్చింది.

“బరువు కావాలా?” అంది.

“కావాలి,” అన్నాడు. “నేనన్న మాట తప్పు.”

“తప్పేం కాదు, శాస్త్రమేగా. వెనక్కి జరుగు.”

“ఏంటి?”

“నాకంటే నీ బరువెక్కువ. వెనక ఇంకా బాగా ఆనుతుంది. జరుగు.”

జరిగాడు. ఆవిడ ముందు కూచుని, గుర్రాన్ని నిమిరినట్టు నెమ్మదిగా పోనిచ్చింది. వెనక భాగం గడ్డకు ఆనుకుని బుద్ధిగా వచ్చింది. జంట రన్నర్లు గీత గీసినట్టు పట్టాయి. బండి ఎడమకు తిరిగింది, అదేమంత విశేషం కానట్టు. ఇంత డబ్బు పోసి కొన్న పనితనాన్ని మొదటిసారి సరిగ్గా వాడింది ఎవరో చూడటానికి నెస్టర్‌కు వీల్లేకపోయింది. ముందు ఆవిడ హెల్మెట్ అడ్డం.

అప్పుడు ఆయన పట్టుకోవడానికి చోటు వెతికాడు. ముందు హ్యాండిల్‌కు చేతులు వెచ్చబెట్టే ఏర్పాటు ఉంది, ఆయనే వేయించుకున్నాడు. వెనక పిడులు వట్టి ఇనుము. ఒకదానికి పాత ఉన్ని మేజోడు చుట్టి కుట్టి ఉంది, ఐలీ కుట్టు. కాలు పెట్టేచోట గరుకు ఎప్పుడో పోయింది. నడుము ఆనించే దిండు ఒక పక్కకు వాలిపోయి ఉంది. ప్రతి చిన్న గతుకూ ముందు తేలిగ్గా దాటిపోయి వెనక సీటు కింద పేలుతోంది. ఇన్ని పెట్టెలు విప్పాడు, ఒక్కటంటే ఒక్కటి ఈ సీటు కోసం రాలేదు. ఆయనకు సిగ్గేసింది. నిజంగా, గట్టిగా సిగ్గేసింది.

ఎదురుగా వేరే ఊరి బళ్ళు వచ్చాయి. తామిప్పుడు వరసలో చివర. నెస్టర్ పిడికిలి ఎత్తాడు. వేళ్ళు మూయడానికి కష్టపడనక్కర్లేకపోయింది, పిడి మీద అవి అప్పటికే కొయ్యబారి అలాగే ఉండిపోయాయి.

“చూశావా?” అని ముందునుంచి ఐలీ అరిచింది.

“చూశా,” అన్నాడు, ఏమీ చూడకుండా.

హోటల్లో ఆయన చేపల పళ్ళెం ముట్టుకోలేదు. చేతులు రెండూ కాఫీ కప్పు చుట్టూ పెట్టి, అవి మళ్ళీ తనవయ్యేదాకా కూచున్నాడు. తర్వాత ఎవరూ వినకుండా అన్నాడు.

“ఐలీ, వెనక సీటుకి చేతులు వెచ్చబెట్టే పిడులు తెప్పిస్తా. దిండు కూడా మారుస్తా. సోమవారమే.”

ఐలీ చేపకు నిమ్మకాయ పిండుతూ తల ఊపింది.

“మంచివే తెప్పించు,” అంది. “వచ్చే ఏడు కూడా కూచోవాల్సింది నువ్వేగా.”