ఎండపాలు

ఆ ఏడు శ్రావణం వచ్చినా వానలు ముఖం చాటేశాయి. సరిగ్గా ఆ ఎండల్లోనే నీలవేణికి పురిటి సెలవు అయిపోయింది. చీపురుపల్లి అవతల సమితి బడిలో ఆమె రెండో టీచరు. ఇంటికీ బడికీ మధ్య ఉన్నవి నాలుగు పొలం గట్లే. మధ్యాహ్నం సెలవులో గబగబా ఇంటికి పోయి, బిడ్డకి పాలిచ్చి, గంట కొట్టేలోగా వచ్చేయొచ్చనుకుంది. అత్త దేముడమ్మని లెక్కలో వేసుకోవడం మరిచిపోయింది.

మొదటిరోజు చెమటలు కక్కుకుంటూ వచ్చి ఉయ్యాలలో ఏడుస్తున్న కొడుకు మీదికి వంగిందో లేదో, దేముడమ్మ అడ్డం పడింది.

"ఒలే, ముట్టుకోకు! ఎండనపడి వచ్చినావు. పాలు కాగిపోయుంటాయి. ఎండపాలు తాగితే గుంటడికి ఇరేసనాలు పట్టుకుంటాయి."

"పాలు కాగడమేటి అత్తా? నేనేమైనా పొయ్యి మీది పాలదాకనా?"

"ఎటకారాలకేం గానీ, కాళ్లు కడుక్కుని కూకో. సెమటారనీ."

చెమట ఆరాలి. ఆరిందో లేదో అత్త వీపు తడిమి చూడాలి. తర్వాత మొదటి పాలు గోడకి పిండేయాలి. నేలమీద పిండితే చీమలు పట్టి పాలు ఎండిపోతాయట. ఇదంతా అయ్యేసరికి పిల్లవాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేవాడు. లేపి నోటికి అందించి, వాడు నాలుగు గుక్కలు మింగేసరికి అవతల గంట మోగేది. నోట్లోంచి లాక్కుంటే వాడి కేకలు గట్ల దాకా వెంటాడేవి.

బడిలో మరో నరకం. నిండిన రొమ్ములు రాళ్లయ్యేవి. ఎవరి చంకలోనో పసిపిల్ల ఏడుపు వినబడితే చాలు, రవిక తడిసిపోయేది. పైట దగ్గరకు లాక్కుని, పిల్లలకి వీపు పెట్టి, ఉన్న లెక్కే బోర్డు మీద మళ్లీ మళ్లీ రాసేది. పోను పోను ఆ నిండుదనమూ తగ్గసాగింది. పిల్లవాడు ఉగ్గుగిన్నెతో పోసిన మేకపాలు పోసినట్టే కక్కేస్తున్నాడు. వాడి తొడల మీద మడతలు పోయాయి. భర్త గణపతిరావు నౌపడ ఉప్పు కొఠారుల్లో గుమస్తా. ఆదివారం వచ్చి కొడుకుని ఎత్తి చూసి, "ఈడు ఇలాగే సిక్కిపోతే ఉజ్జోగం మానీ" అనేసి రైలెక్కాడు. పెద్ద మేస్టారు నరసింగరావేమో ఇంకోసారి ఆలస్యమైతే పైకి రాస్తానన్నాడు.

చదివిన చదువు, దొరికిన ఉద్యోగం, బిడ్డ కడుపు, అన్నీ కలిసి అత్తగారు తడిమి చూసే తన వీపు మీద ఆధారపడ్డాయని నీలవేణికి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం పోట్లాటకే దిగింది.

"అత్తా, నువ్వు నాట్లకెళ్లి నీ కొడుక్కి గట్టుమీద పాలివ్వనేదేటి?"

"ఇచ్చినాను. తాటాకు గొడుగు కింద కూకుని, సల్లారి ఇచ్చినాను. నన్నడుగుతావేటే?"

ఆ మాట దగ్గర నీలవేణి ఆగింది. ఈమెతో యుద్ధం చేసి లాభం లేదు.

"నీడనున్న కుండలో నీళ్లెలాగుంటాయి?"

"సల్లగా."

"ఎండలో మోసుకొస్తే?"

"కాగుతాయి. ఇదేటి, నాకు పాటం సెప్తన్నావా?"

"బడి మీద పెంకులున్నాయి. పొద్దున్నించీ నేనుండేది నీడనే. నా పాలు అక్కడ సల్లగానే ఉంటాయి. నేను మోసుకొస్తేనే కాగుతన్నాయి. గుంటడిని గొడుగు కింద నువ్వే తెచ్చీ."

దేముడమ్మ చూరులోని తాటాకు గొడుగు దింపి దుమ్ము దులిపింది. "మరి ఈ మాట ముందే సెప్పొద్దేటే? ఇన్నాళ్లూ గుంటడిని ఏడిపించి సంపినావు!" అంది.

నీలవేణి పళ్లు నూరుతూ కొడుకుని ఎత్తుకుంది.

మర్నాడు తాటాకు గొడుగు బడి అరుగెక్కేసరికి నరసింగరావు మేస్టారు అన్నం క్యారేజీ మూసేసి లేచాడు.

"ఏమిటమ్మా ఇది? బడా, పురిటిల్లా? ఇన్స్పెక్టరు వస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"ఏటి బాబూ, నువ్వు పలక పట్టుకుని పుట్టినావేటి? మీయమ్మ పాలు తాగనేదేటి?" అంది దేముడమ్మ.

"అత్తా, నువ్వుండు," అంది నీలవేణి. "మేస్టారూ, ఇంటికెళితే ఆలస్యం అవుతోంది. ఇక్కడే ఇస్తే ఊళ్లోకి పోయే పనుండదు. నా మీద పైకి రాస్తారో, పిల్లల చాపలు పెట్టే ఆ గది ఇస్తారో మీరే తేల్చండి."

మేస్టారు అత్తని చూశాడు, కోడలిని చూశాడు. ఇద్దరిలో ఎవరితో వాదించాలో తేలక చాపలగది తలుపు చూపించాడు.

లోపల నీలవేణి గోడకి చేరగిలబడి కొడుకుని అందుకుంది.

"ఆగాగు!" అంది దేముడమ్మ. "పొద్దున్నించీ గొంతు సించుకుని పాటాలు సెప్పినావు. అరిసిన ఒంటికి వేడి సేస్తాది. కాసేపు..."

నీలవేణి ఆగలేదు. పిల్లవాడు గబుక్కున అందుకున్నాడు. మింగుతున్న చప్పుడు గదంతా వినిపించింది. దేముడమ్మ నోరు తెరిచింది, వాడిని చూసింది, మూసుకుంది.

బయట గంట కొట్టారు. తరగతిలో పిల్లలు గోల మొదలుపెట్టారు. వాడింకా ఒక పక్కే తాగాడు.

"అత్తా, ఎల్లి తరగతి సూడు."

"నాకేటొచ్చే? ఓనమాలైనా రావు."

"అరవడం వచ్చు కదా!"

దేముడమ్మ కోడలి వైపు కొరకొరా చూసి, కొంగు బిగించి బయటికి నడిచింది. అవతల ఒక్క కేక. బడి మొత్తం నిశ్శబ్దం.

నీలవేణి కొడుకుని రెండో పక్కకి తిప్పుకుంది.