ఐదింటి పలకరింపు

"నాకూ టీ పెట్టు, నీళ్లు కాస్త ఎక్కువ పోసి," అన్నాడు భర్త వెనకనుంచి.

తెల్లవారుజామున ఐదు గంటలకి వంటింట్లో ఇంకో మనిషి గొంతు వినిపించడం ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. ఆయన పదవీ విరమణ చేసి నెల దాటింది. ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో ఏడింటికి గానీ దుప్పటి తీయని మనిషి, ఇప్పుడు వెళ్లే చోటు లేకపోయాక ఐదింటికే లేస్తున్నాడు. లేచి, వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. "నువ్వు ఫోను చూసుకో, నేనేం అనను," అంటాడు. అని, ఆమె చేతికేసి చూస్తూ ఉంటాడు.

పదకొండేళ్లపాటు ఆ అరగంట ఆమెది. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని సమయం కాబట్టి ఆమెకి దక్కింది. ఒక గ్లాసు టీ, ఊలు సంచి, బల్లకి ఆనించిన ఫోను. అవతల ముగ్గురు ఆడవాళ్లు.

వాళ్లు ఎలా పరిచయమయ్యారో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి నవ్వొస్తుంది. కూతురు హాస్టల్లో చేరిన ఏడాది అది. అక్కడ చలి ఎక్కువని స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టింది. చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్న అల్లిక, సగానికొచ్చేసరికి ఎక్కడో కుట్టు జారింది. సరిచేయబోతే ఇంకో నాలుగు జారాయి. అదే రోజుల్లో అత్తగారు తుంటి ఎముక విరిగి మంచానపడి ఉంది. తెల్లవారుజామున ఆవిడకి పక్కబట్టలు మార్చి, మళ్లీ నిద్ర పట్టక, ఆ చిక్కుపడ్డ ఊలు ఫొటో తీసి, అల్లికలవాళ్లు మాట్లాడుకునే ఒక సైటులో పెట్టింది. "ఇది బాగయ్యే అవకాశం ఉందా?" అని రాసింది. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. "కంగారుపడకు. ఏదీ విప్పకు. జారిన కుట్టుని క్రోషే సూదితో ఒక్కో మెట్టూ పైకెక్కించు. నాకు డ్యూటీ దిగడానికి ఇంకా గంట ఉంది, నీతోనే ఉంటాను."

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఆవిడ. సైటులో పెట్టుకున్న పేరు సూదిమందు. గంటసేపు ఒక్కో కుట్టూ దగ్గరుండి ఎక్కించింది. అంతా అయ్యాక, "నీ పేరు చెప్పలేదు. పోనీలే, నిన్ను చిక్కు అని పిలుస్తాం," అంది. ఆరోజు నుంచీ ఆమె చిక్కు. ఇంట్లో ఆమెని పిలవడానికి చాలా పిలుపులున్నాయి గానీ, పిలిచాక ఏదో ఒక పని చెప్పని పిలుపు అదొక్కటే.

రెండో ఆవిడ కండక్టరమ్మ. బస్సులో టికెట్లు కొడుతూ పాతికేళ్లు నిలబడే బతికిన మనిషి. డ్యూటీ ఎక్కేముందు డిపోలోంచి వాయిస్ మెసేజ్ పెట్టేది. అందులో సగం హారన్లే వినిపించేవి. "మడమ దగ్గర ఆగిపోయానర్రా, సాక్సు అల్లడం కంటే ఫుట్‌బోర్డు మీదివాళ్లని లోపలికి పంపడం తేలిక," అనేది.

మూడో ఆవిడ పిన్నిగారు. అందరిలోకీ పెద్ద. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. ఒక్కతే ఉంటుంది. పొద్దున్న ఐదింటికల్లా "లేచాను" అని ఒక్క మాట పెడుతుంది. ఐదూ అయిదుకి చిక్కు "నేనూ" అంటుంది. ఆ తర్వాతే మిగతావాళ్లు వస్తారు. ఐదుంబావుకల్లా పిన్నిగారి మాట రాకపోతే చిక్కు ఫోన్ చేయాలని ఒక ఒప్పందం. పదకొండేళ్లలో రెండేసార్లు చేయాల్సివచ్చింది. ఒకసారి ఫోను ఛార్జింగ్ అయిపోయింది. ఇంకోసారి నాలుగో రింగుకి ఎత్తి, "చావలేదే, నిద్రపోయాను," అంది పిన్నిగారు విసుగ్గా.

ఆ కబుర్లలో గొప్ప సంగతులేం ఉండేవి కావు. ఊలు రంగు నీళ్లలో పడితే పోతుందా, పక్కింటి కుక్క మళ్లీ కూనల్ని పెట్టిందా, కండక్టరమ్మ మోకాలు ఎలా ఉంది, సూదిమందు రాత్రి ఎంతమందికి పురుడు పోసింది. ఏ ఒక్క రోజుదీ గుర్తుపెట్టుకోదగ్గది కాదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం, ఆమెకి తన జీవితంలో సంతోషంగా ఉన్న రోజులంటే అవే గుర్తొస్తాయి.

అత్తగారికి మొదట్లో అది గిట్టేది కాదు. "సూదులు పట్టుకుని కూచుంటే ఇల్లు గడుస్తుందా?" అనేది. పెళ్లయిన కొత్తలో "చేతులు ఖాళీగా పెట్టుకోకే" అన్నదీ ఆవిడే. మంచానపడ్డ ఆర్నెల్లకి, ఒకరోజు తెల్లారకుండానే పిలిచింది. ఏ నొప్పో అనుకుని ఆమె పరిగెత్తింది.

"నీ ఫోను మనుషులు ఏమంటున్నారే?" అంది అత్తగారు.

"ఎవరత్తయ్యా?"

"అదే, ఆ బస్సుది. దాని మోకాలు తగ్గిందా?"

గోడ అవతలనుంచి వాయిస్ మెసేజ్‌లన్నీ వింటోందన్నమాట. ఆ రోజునుంచి ఆమె ఫోనూ, టీ గ్లాసూ అత్తగారి మంచం పక్కకి మారాయి. మెసేజ్‌లన్నీ పైకి చదవాలి. మధ్యలో ఏదైనా మింగేస్తే, "ఏదో వదిలేశావు," అని పట్టేసుకునేది. జవాబులు కూడా చెప్పేది. "ఆ నర్సుని పెళ్లి చేసుకోమను. వద్దులే, హాయిగా ఉంది, ఉండనీ." అని, తనన్న మాటకి తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. పాతికేళ్ల కాపురంలో ఆమె అత్తగారి పళ్లు సరిగా చూసింది ఆ ఏడాదే.

ఆవిడ పోయిన మర్నాడు, ఇంటినిండా బంధువులకి టీలు కాస్తూ, ఐదింటికి ఫోను చూసుకుంది. పిన్నిగారు రాసింది: "ఇవాళ నువ్వేం రాయకు. మేం ఉన్నాం."

ఈ సంగతులేవీ భర్తకి తెలియవు. దాచిందని కాదు. ఆయన అడగలేదు.

అందులో కాస్త బయటపడింది ఒక ఆదివారం నాడు. మరిదీ తోడికోడలూ భోజనానికి వచ్చారు. వడ్డనలు అయ్యాక ఆమె చేతులు కడుక్కుంటుంటే, బల్లమీద ఫోను మోగింది. భర్త తీసి, కళ్లజోడు పైకి నెట్టుకుని, అందరికీ వినపడేలా చదివాడు. "'చిక్కూ, నా మడమ తిరిగింది, నీదెంతవరకొచ్చింది?' చూశావురా, మీ వదినగారి ప్రపంచ సమస్యలు. రోజూ తెల్లారకుండా లేచి ఈ కాన్ఫరెన్సు."

మరిది పొలమారేలా నవ్వాడు. "చిక్కేంటి వదినా?" అన్నాడు. తోడికోడలు ఆమె మొహం చూసి ఆగింది గానీ, అప్పటికే సగం నవ్వేసింది. అందరికన్నా ముందు నవ్వింది మాత్రం ఆమే. అది ఆమెకి బాగా వచ్చిన విద్య. ఆమె పనిచేసే కళ్ల ఆస్పత్రి కౌంటరులో పేషెంట్లు అరిచినా, "మీరు నవ్వుతూ ఉండాలి కదమ్మా," అని పెద్దడాక్టరు పద్నాలుగేళ్లుగా చెబుతున్నదీ అదే. నవ్వి, మరిదికి మంచినీళ్లు ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె "ఎందుకలా చదివారు?" అని అడిగితే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సరదాకన్నాను. అయినా ఒకరోజు గుడ్మార్నింగ్ చెప్పుకోకపోతే కొంపలేం మునుగుతాయి?"

కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, నాన్నకి ఏం తోచట్లేదట. ముప్ఫై నాలుగేళ్లు ఆఫీసే లోకం కదా పాపం. ఆ పొద్దుటిపూటన్నా ఆయనతో కాస్త మాట్లాడు." నిజమే, అనుకుంది ఆమె. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన పక్క కుర్చీల్లో ఎంతమంది కూర్చోలేదు, ఒక్కరూ ఫోన్ చేయడం లేదు. జాలేసింది. జాలి వేసిందంటే ఆమె చేతికి ఇంకో పని చేరినట్టే. మర్నాటినుంచి ఐదింటికి ఫోను లోపలి గదిలో వదిలేసి, రెండు గ్లాసుల టీ పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన నీళ్ల మోటారు గురించి, పై వాటా వాళ్ల చెప్పుల గురించి, తన పాత మేనేజరు గురించి చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది. పిన్నిగారి సంగతి గుర్తురాకపోలేదు. సూదిమందు చూసుకుంటుందిలే అనుకుంది. సూదిమందు పగటి డ్యూటీకి మారి ఏడాదయిందనీ, ఏడు దాటితే గానీ లేవదనీ ఆమెకి తెలుసు. తెలిసీ అనుకుంది.

పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, కళ్లలో చుక్కలు వేయించుకున్న పేషెంట్లు వరసగా కళ్లు మూసుకుని కూర్చుని ఉండగా, కౌంటరు దగ్గర ఆమె ఫోను మోగింది. కండక్టరమ్మ. అన్నేళ్లలో నేరుగా ఫోన్ చేయడం అదే మొదలు.

"మెసేజ్‌లు చూడట్లేదని చేశా. పిన్నిగారు పడిపోయారు. ఉన్నారు, కంగారుపడకు."

తెల్లారి ఐదు కాకముందే స్నానాలగదిలో కాలు జారిందట. చెయ్యి విరిగింది. వంటావిడ ఏడున్నరకి వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేదాకా తడినేలమీదే ఉందట. రెండున్నర గంటలకి పైనే.

"నేను చూడాల్సింది," అంది ఆమె.

"రోజూ నువ్వే చూసేదానివి, నిజమే. అంతమాత్రాన తప్పంతా నెత్తినేసుకోకు. ముగ్గురం ఉన్నాం, ఒక్కదానికే ఎందుకు వదిలేశామని నేనూ తిట్టుకుంటున్నా." "ఇంట్లో ఏమైనా అయిందా?" అంది కండక్టరమ్మ.

"ఏం కాలేదు," అంది ఆమె. నిజం కూడా అదే. ఏమీ కాలేదు.

ముప్ఫై ఏడో నంబరునీ, ముప్ఫై ఎనిమిదో నంబరునీ లోపలికి పంపి, మందుల పెట్టెలు పెట్టే గదిలోకి వెళ్లి, పంతొమ్మిది రోజుల మెసేజ్‌లు మొదటినుంచీ చదివింది. రోజూ ఐదింటికి పిన్నిగారి "లేచాను" ఉంది. దానికింద, ఆమె జవాబు ఉండాల్సిన చోట, పిన్నిగారే ఇంకో వాక్యం రాసుకుంది. "చిక్కు నిద్రపోతోందేమో, పోనీ." మర్నాడు, "చిక్కు ఇంటికి చుట్టాలొచ్చినట్టున్నారు." ఆ తర్వాత, "వాళ్లాయన రిటైరయ్యాడుగా, పనెక్కువై ఉంటుంది." పదహారో రోజున, "దాన్ని ఎవరూ ఏమీ అడక్కండి. వీలైనప్పుడు అదే వస్తుంది." ఇవాళ్టి తేదీ కింద మాత్రం పిన్నిగారి మాట లేదు.

అట్టపెట్టెమీద కూర్చుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని పిన్నిగారికి ఫోన్ చేసింది.

"పిన్నిగారూ, నేను వస్తాను."

"ఎందుకు?" గొంతు నీరసంగా ఉన్నా పెంకితనం పోలేదు. "సేవ చేయడానికైతే రాకు. వండడానికి మనిషి ఉంది, చూసుకోడానికి ఇంకో మనిషిని సూదిమందు పంపుతోంది. నువ్వొచ్చి నా గిన్నెలు తోమితే నాకు మండుతుంది."

"మరి?"

"కుడిచెయ్యే విరిగింది. మూడు నెలలు అల్లలేనట. నా ఎదురుగా కూర్చుని నువ్వల్లు, నేను చూస్తాను. తప్పుచేస్తే తిడతాను. అందుకైతే రా."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. సెలవు చీటీ రాసి లోపలికి తీసుకెళ్లింది. "పది రోజులా? కౌంటరు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు పెద్దడాక్టరు. "చూస్తారండి ఎవరో ఒకరు," అంది. పద్నాలుగేళ్లలో నవ్వకుండా చెప్పిన మొదటి మాట అది. ఆయన సంతకం పెట్టాడు.

సాయంత్రం భర్త టీవీ ముందు ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పి, నిలబడే చెప్పింది. పిన్నిగారు పడిపోయిన సంగతి, ఐదింటి ఒప్పందం, ఆ కబుర్ల కోసం అత్తయ్య మంచంమీద చెవులు రిక్కించుకుని ఉండేదన్న సంగతి, పది రోజులు సెలవు పెట్టి తను పిన్నిగారి దగ్గరికి వెళ్తున్న సంగతి. ఆయన టీవీ గొంతు తగ్గించి విన్నాడు. తల్లి మాట వచ్చినప్పుడు ఏదో అడగబోయి మానేశాడు.

"ఇంతకీ ఆవిడ నీకేమవుతుంది?" అన్నాడు చివరికి.

"ఏమీ కాదు. పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే నేను ఎలా ఉన్నానో అడిగిన మనిషి."

"అది కాదు, ఎప్పుడూ మొహం చూడని మనిషి కోసం ఆరు గంటలు బస్సులో వెళ్లడమేంటి? వాళ్లవాళ్లెవరూ లేరా?"

"మేమే ఉన్నాం."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లొచ్చాడు. కోపంగా లేడు. ఏం చేయాలో తెలియని మనిషిలా ఉన్నాడు. "వంట నేనెలాగో తిప్పలు పడతాలే," అన్నాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. "కానీ పది రోజులు నాకేం తోచుతుందిక్కడ?"

ఎప్పటిలాగే ఆమెకి జాలి వేసింది. తోడికోడల్ని పిలవనా, కూతుర్ని రమ్మననా అని మనసు అప్పుడే పరుగులు పెట్టడం మొదలుపెట్టింది కూడా. దాన్ని ఆపి, మంచం కిందనుంచి సంచి లాగి, అందులో రెండు జతల బట్టలు పెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడి జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఈ ఇంట్లో చాలా పనులు నావేనండీ. అడక్కుండానే చేశాను," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీకేం తోచకపోవడం మాత్రం నా పని కాదు."