అత్త పేరున ఉమ్రా

చచ్చిపోయిన మనిషి కూడా పని చెప్పగలదని ఆమెకి అత్త పోయాకే తెలిసింది. బతికున్నన్నాళ్ళూ వండించుకుంది, కాళ్ళు పట్టించుకుంది, వేళకి మందు అందకపోతే నాలుగిళ్ళకి వినబడేలా అరిచింది. అది చాలనట్టు, ఊపిరాడని చివరి రోజున కొడుకుని దగ్గరికి పిలిచి, "నా పేరున మక్కాలో ఉమ్రా చేయించు. నువ్వు చెయ్యకు, కోడలితో చేయించు" అని చెప్పి మరీ కన్నుమూసింది. చూశావా, కోడలంటే ఎంత నమ్మకమో అని చుట్టాలంతా కళ్ళొత్తుకున్నారు. ఆడపడుచైతే ఆమె చేతులు పట్టుకుని భోరుమంది. ఆమెకి మాత్రం ఏడుపు రాలేదు సరికదా, ఒళ్ళు మండింది. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చిందని సామెత. ఈ కోడలికి ఏడాది దాటినా రాలేదు.

ఆ మంటకి కారణం ఉంది, చిన్నదేం కాదు. ఆమె మొగుడు ఇళ్ళ బ్రోకరు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ఇద్దరికీ తానే సొంత తమ్ముడన్నట్టు మాట్లాడి కమీషను తీసుకుంటాడు. నోరే పెట్టుబడి. పెళ్ళైన కొత్తల్లో ఒక పెద్ద బేరం తగిలింది. కొనేవాళ్ళని మంచి చేసుకోవాలని ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ పొద్దున్నే ఆమె పుట్టింటి నుంచి ఫోను వచ్చింది. అమ్మకి ప్రాణం మీదికొచ్చింది, కూతుర్ని చూడాలంటోంది, ఉన్నపళంగా పంపండి అని. ఆ కబురు ఆమె చెవిన పడేసరికి వచ్చినవాళ్ళు తిని, త్రేన్చి, వెళ్ళిపోయారు. గిన్నెలు కూడా తోమి బోర్లించింది. పడుతూ లేస్తూ వెళ్తే, అమ్మని మట్టి చేసి వచ్చి అన్నయ్య కాళ్ళు కడుక్కుంటున్నాడు.

తిరిగొచ్చి, "పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. మొగుడు చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అత్త గడపలో నిలబడి, "నేనే చెప్పొద్దన్నాను. నువ్వు పోతే వంటెవరు చేస్తారు?" అంది.

అంతే. ఆ తర్వాత ఆమె అత్తకి అన్నం పెట్టింది, మంచాన పడితే పక్క బట్టలు మార్చింది, ఒక్క మంచి మాట మాత్రం పెట్టలేదు. అత్త కూడా అడగలేదు. ఒకే వంటింట్లో ఇద్దరూ ఏళ్ళ తరబడి "ఉప్పు", "తలుపు", "మందు" అనే మాటలతో కాపురం చేశారు.

ఇప్పుడా అత్త పేరు మీద ఉమ్రా చెయ్యాలి. మక్కా చేరిన రోజునే ఎవరి ఉమ్రా వాళ్ళు చేసుకున్నారు. తనది తాను చేసుకున్న మనిషే పోయినవాళ్ళ పేరున చెయ్యొచ్చు. దానికి పవిత్ర హద్దు దాటి బయటికి వెళ్ళి, అక్కడి మసీదులో స్నానం చేసి, మళ్ళీ ఇహ్రాం అనే దీక్షలోకి దిగి, మనసులో ఫలానావారి కోసమని సంకల్పం పెట్టుకుని రావాలి. "రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం" అని బ్రోకరు సాగదీసి సాగదీసి చివరి రోజుకి తెచ్చాడు. రాత్రికి విమానం. హోటలు గదిలో పెట్టెలు కట్టేసి ఉన్నాయి. ఆయన అంత నానబెట్టడం ఆమెకి వింతగానే ఉంది కానీ, తనకీ తొందర లేదు కాబట్టి అడగలేదు.

హద్దు దగ్గరికి వెళ్ళే బస్సులో వాళ్ళ జట్టుని నడిపించే మౌల్వీగారు ముందు సీటు పట్టుకుని నిలబడి మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. ఇహ్రాంలో ఉండగా అత్తరు పూసుకోకూడదు, గోళ్ళు తీయకూడదు, వెంట్రుక తుంచకూడదు. మగవాళ్ళు కుట్టిన బట్ట తొడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నోరు జారకూడదు, గొడవ పడకూడదు. అల్లా ఇంటి చుట్టూ ఏడు ప్రదక్షిణలు, రెండు గుట్టల మధ్య ఏడు విడతల నడక అయ్యాక, జుట్టు తీయించుకునేదాకా ఇహ్రాం ఇహ్రామే.

"సంకల్పం సంగతి మరోసారి చెప్పండి" అంది ఆమె. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"మనసులో ఎవర్ని తలుచుకుంటే వాళ్ళదేనమ్మా. పక్కనున్నవాళ్ళకి తెలియాల్సిన పని లేదు. పైవాడికి తెలుస్తుంది."

గొడవ పడకూడదన్న మాట మాత్రం బ్రోకరుకి భలే నచ్చింది. వచ్చిన రోజున ఇహ్రాంలో ఉండగానే, హోటలు నడిచేంత దగ్గర కాదని చెప్పాడు. కిటికీ లేని గది అనీ అప్పుడే చెప్పాడు. ఆమె నోరు తెరవబోతే చూపుడు వేలెత్తి, "ఇహ్రాం, ఇహ్రాం" అన్నాడు. ఆమె పళ్ళు నూరుకుని ఊరుకుంది. ఆయన వృత్తి రహస్యం ఆమెకి తెలియంది కాదు. ఇంటికి ఏ గోడ నెమ్మెక్కిందో, ఏ గొట్టం కారుతుందో కొనేవాడికి ఎప్పుడు చెప్పాలి? అడ్వాన్సు చేతిలో పడ్డాక. వాడు తిట్టుకుంటాడు, కానీ వెనక్కి పోలేడు.

మసీదు స్నానాల గదుల్లో ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది. నేలంతా తడి, కొక్కేలకి ఎవరెవరివో తువ్వాళ్ళు. ఆమె స్నానం చేసి, తడి జుట్టు బిగించి కట్టుకుని, మసీదులోకి వచ్చి రెండు రకాతుల నమాజు చదివి ఒక మూల కూర్చుంది. ఇప్పుడు అత్త పేరు తలుచుకోవాలి. తలుచుకుంటే గడప కనిపించింది, "వంటెవరు చేస్తారు" అన్న గొంతు వినిపించింది. అమ్మ పేరున ఇంతవరకూ ఎవరూ ఉమ్రా చెయ్యలేదు. అన్నయ్యకి ఆ స్తోమత లేదు. తనకి మళ్ళీ ఈ గడప తొక్కే యోగం ఉందో లేదో.

'అల్లా, ఈ ఉమ్రా మా అమ్మది' అనుకుంది. 'మా అత్త నన్ను మా అమ్మ దగ్గరికి పోనివ్వలేదు. నేను దీన్ని ఆవిడకి పోనివ్వను.'

భయం వేసింది. భయం పక్కనే, ఇన్నేళ్ళకి బాకీ తీరినంత తృప్తి కూడా వేసింది, దాన్ని ఆమె దాచుకోలేదు. "లబ్బైక్, వచ్చాను దేవా" అంటూ లేచి బయటికి వచ్చింది.

రెండు తెల్ల బట్టల్లో బ్రోకరు చెప్పుల అరల దగ్గర నిలబడి ఉన్నాడు. "సంకల్పం పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నాను."

అబద్ధం కాదు. ఎవరి పేరో ఆయన అడగలేదు. ఆయన మాత్రం వాళ్ళ నాన్న పేరున పెట్టుకున్నానని అడక్కుండానే చెప్పాడు.

తిరిగి వచ్చి, అల్లా ఇంటి మూలనున్న నల్లరాయికి ఎదురుగా చెయ్యెత్తి ప్రదక్షిణలు మొదలుపెట్టారు. ఎండ నెత్తిన ఉంది. జనం తోసుకుంటూ పోతున్నారు. ఆయన ఆమె వెనకే రెండు చేతులూ అడ్డం పెట్టి నడుస్తూ, ప్రతి చుట్టులోనూ చెవి దగ్గర, "అమ్మ కోసం అడుగు, అమ్మ కోసం గట్టిగా అడుగు" అని నస పెట్టాడు. "అడుగుతున్నానండీ" అంది ఆమె. నిజంగానే అడుగుతోంది, గట్టిగానే అడుగుతోంది. గుట్టల మధ్య నడకలో, మగవాళ్ళు పరుగెత్తాల్సిన పచ్చ దీపాల దగ్గర, ఆయన బొజ్జ మీద బట్ట జారిపోకుండా పట్టుకుని పరుగు తీస్తుంటే మాత్రం కోపం కాస్త తగ్గి నవ్వొచ్చింది. బిడ్డకి నీళ్ళ కోసం ఒక తల్లి ఉరుకులు పెట్టిన దారి అది. తన తల్లి మంచం మీద నుంచి గుమ్మం కేసి ఎన్నిసార్లు చూసిందో అని గుర్తొచ్చి, ఆ నవ్వు కూడా పోయింది.

చివరి నడక అయింది. దువా చేసుకుని ఇద్దరూ ఒక స్తంభానికి ఆనుకుని కూలబడ్డారు. బ్రోకరు చెమట తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"నీతో ఒక మాట చెప్పాలి. కోప్పడకు. ఇహ్రాంలో ఉన్నాం."

ఆమె జాగ్రత్త పడింది. "చెప్పండి."

"మీ అమ్మ పోయిన రోజు ఫోను సంగతి దాచింది మా అమ్మ కాదు, నేను."

ఆయన నేల కేసి చూస్తూ చెప్పుకుపోయాడు.

"బేరం చెడుతుందని భయపడ్డాను. భోజనాలయ్యాక చెబుదాం, అంతలో ఏమవుతుందిలే అనుకున్నాను. అమ్మకి మధ్యాహ్నం చెప్పాను. నా చెంప పగలగొట్టినంత పని చేసింది. వెంటనే దాన్ని పంపరా అంది. నేనే ఆపాను. సాయంత్రానికి అలా అయ్యేసరికి..."

"మరి ఆవిడ తన మీద ఎందుకు వేసుకుంది?"

"నువ్వు నన్ను వదిలేసి పోతావని. అత్త మీద కోపమైతే కాపురం నిలుస్తుంది, మొగుడి మీద కోపమైతే నిలవదురా అంది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "పోయే ముందు, ఎవరూ లేనప్పుడు ఒట్టు వేయించుకుంది. ముందు కోడలికి నిజం చెప్పు, ఆ తర్వాతే నా పేరున ఉమ్రా చెయ్యమని అడుగు, అప్పుడు కూడా ఒప్పుకుంటే చేస్తుంది, లేకపోతే లేదు అంది. నాకు ధైర్యం చాల్లేదు. ముందు చెబితే నువ్వసలు బయల్దేరవేమో అనుకున్నాను. ఇప్పుడైతే అమ్మ ఉమ్రా అయిపోయింది కదా. నన్ను మాఫీ చెయ్యి. ఇక్కడ చెయ్యి, ఈ చోటున."

ఆమెకి అత్త గడపలో నిలబడటం మళ్ళీ కనిపించింది. ఈసారి ఆ వెనక చెప్పుల కోసం వెతుక్కుంటున్న మనిషి కూడా కనిపించాడు. ఆ ముసలావిడ చేసిందేమిటి? చెయ్యని తప్పుని నెత్తినేసుకుని, పెట్టిన కూడు తిని, మంచాన పడి, ఒక్క మంచి మాటకి నోచుకోకుండా పోయింది. ఆఖర్న ఒక్కటే అడిగింది. ఆ ఒక్కటీ తాను పొద్దున స్నానాల గది పక్క మూలన కూర్చుని లాగేసుకుంది. అమ్మకి ఇచ్చినందుకు బాధ లేదు. అత్తకి ఎగ్గొట్టినందుకే బాధ.

నోటి చివరకి బూతులొచ్చాయి. బ్రోకరు అలవాటుగా చూపుడు వేలెత్తాడు. "ఇహ్రాం."

పక్కన పరాయి దేశపు ఆడమనిషి ఒకావిడ చిన్న కత్తెరతో కూతురి జడ కొస కత్తిరిస్తోంది. ఆమె చెయ్యి చాచింది. ఆవిడ చిరునవ్వుతో కత్తెర ఇచ్చింది. ఆమె స్తంభం వెనక్కి వెళ్ళి, ముసుగులోంచి జడ కొస ముందుకి లాక్కుని వేలి కణుపంత కత్తిరించేసింది. ఆడదానికి అంతే. ఉమ్రా పూర్తయింది, ఇహ్రాం పోయింది. కత్తెర తిరిగిచ్చి, మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"పదండి మంగలి దగ్గరికి."

మంగళ్ళ వీధిలో ప్రతి కొట్టు ముందూ వరసే. లోపల కుర్చీల చుట్టూ నేల మీద జుట్టు గుట్టలు, సబ్బు వాసన. తెల్ల బట్టల మగవాళ్ళు బయట అరుగు పొడుగునా బారులు తీరి ఉన్నారు. బ్రోకరు వరసలో చేరాడు. ఆమె పక్కనే నిలబడింది.

"నా జుట్టు తీసేసుకున్నాను" అంది. "మీది ఇంకా తీయలేదు. అంటే మీరింకా ఇహ్రాంలోనే ఉన్నారు. గొడవ పడకూడదు. నేను పడొచ్చు."

ఆయన నోరు తెరిచాడు. ఆమె చూపుడు వేలెత్తింది.

"ఇది మీ అమ్మ ఉమ్రా కాదు. మా అమ్మది. పొద్దున హద్దు దగ్గర మా అమ్మ పేరే పెట్టుకున్నాను, మీ అమ్మ మీద కసితో. ఏ కసి? మీరు పెంచిన కసి. నిన్న చెప్పి ఉంటే, ఆ బస్సులో చెప్పి ఉంటే, స్నానానికి వెళ్ళే ముందు చెప్పినా సరే, ఆవిడ పేరు కళ్ళకద్దుకుని పెట్టుకునేదాన్ని. మీ నాన్న పేరున మీరు చేసుకున్నారు. మా అమ్మకి నేను చేశాను. ఏమీ దక్కంది ఎవరికో చూశారా? మీ కోసం నిందలు మోసినావిడకి. రాత్రికి విమానం. ఇంక టైము లేదు. అడ్వాన్సు పుచ్చుకున్నాక చెప్పే తెలివి తల్లి దగ్గర కూడా చూపించారు."

బ్రోకరు మొహం పాలిపోయింది. ఊళ్ళో ఎంతమంది పీకలు పట్టుకున్నా మాటలతో విడదీసే మనిషి తల దించుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి భుజం మీది తెల్ల బట్టని తడిపాయి. వరస ముందుకి జరిగింది. ఆయనా జరిగాడు. ఆమె కూడా జరిగింది, ఆపలేదు. అమ్మ మంచం గురించి చెప్పింది. అన్నయ్య తడి కాళ్ళ గురించి చెప్పింది. తాను అత్తతో మాట్లాడని రోజులన్నీ తీసి ఆయన మొహాన కొట్టింది. మాఫీ మాట ఎత్తలేదు.

లోపల కుర్చీ ఖాళీ అయింది. మంగలి తువ్వాలు దులిపి, తర్వాత ఎవరన్నట్టు బ్రోకరు కేసి చెయ్యి ఊపాడు. బ్రోకరు ప్రాణం లేచొచ్చినట్టు అడుగు ముందుకేశాడు. ఆమె అడ్డం నిలబడి, ఆయన వెనకున్న ముసలాయన కేసి తిరిగి, దయగా, ఎంతో మర్యాదగా, లోపలికి చెయ్యి చూపించింది.

"మీరు వెళ్ళండి బాబాయ్. మా ఆయనకి తొందర లేదు."