దేవుని బట్ట

“తప్పు మీది కాదు” అనే మాటను హిందీలోంచి తెలుగులోకి మార్చి చెప్పడమే పరుశురాం పని. వినడానికి ఎంత తేలికో! నెత్తిన పడ్డాకగానీ తెలియలేదు, ఆ మాట గొంతు దాటడం ఎంత కష్టమో.

ఆల్థాన్‌లో ప్లాట్లు ఇప్పిస్తానని వరప్రసాద్ అనేవాడు తెలుగునాట నుంచి వలసొచ్చి పాండేసరలో మగ్గాలు నడిపే మనవాళ్ళకు టోపీ పెట్టి మాయమయ్యాడు. అలా మోసపోయినవాళ్ళకు సాయం చేసే ఒక సంస్థ నుంచి జ్యోతిబెన్ అనే ఆవిడ ఆదివారాలు పద్మశాలి సమాజం హాలుకు వస్తోంది. ఏడ్చేవాళ్ళను తనివితీరా ఏడవనిచ్చి, ఆ తర్వాత పోలీసులకు ఇచ్చే అర్జీ రాసిపెడుతుంది. ఆవిడకు తెలుగు రాదు. మన ఆడవాళ్ళ హిందీ కూరగాయల బేరం దాటి పోదు. సమాజం కార్యదర్శి కాబట్టి మధ్యలో పరుశురాం కూర్చున్నాడు. పెద్దమనిషి మరి! ఆ పెద్దరికమే అందరి కొంపా ముంచింది.

రాఖీ పున్నమికి కులదైవం మార్కండేయుని ఊరేగింపులో బండి మీద మగ్గం పెట్టి, బండి కదులుతుండగానే ఒక బట్ట నేస్తారు. గుడికి చేరగానే దాన్ని మగ్గం మీంచి కోసి నేరుగా దేవుడి భుజాన వేయాలి. మనిషికి కప్పిన ఆనవాయితీ లేదు. నిరుడు వరప్రసాద్ గుడికి మైకుసెట్టు ఇచ్చాడు. పరుశురాం ఆ కొత్త మైకులోనే వాణ్ణి ఆకాశానికెత్తి, ఉత్సాహం పట్టలేక ఆ బట్టను తీసుకెళ్ళి వాడి భుజాన కప్పాడు. చప్పట్లే చప్పట్లు! దేవుడు ఆ ఏడు పాత బట్టతోనే ఉండిపోయాడు. ఏం పోయేకాలం వచ్చిందో, ఒక్కరూ అదేమిటని అడగలేదు. దేవుని బట్ట కప్పుకున్నవాడు మనవాడేనని నమ్మి, మర్నాటి నుంచి ప్లాట్లకు ఎగబడ్డారు.

ఇప్పుడు ఎదురుగా కొమురవ్వ కూర్చుంది. మగ్గాల షెడ్డులో దారపు కండెలు చుట్టి చుట్టి వేళ్ళు వంకర్లు పోయిన ముసలామె. మొగుడు లేడు. కిరాయి గదుల చుట్టూ తిరగలేక, చచ్చేలోపు సొంతంగా ఓ రేకుల గది వేసుకుందామనుకుంది. కూడబెట్టిందంతా గుడి వరండాలోనే వరప్రసాద్ చేతిలో పెట్టింది. “దేవుని ముందర రసీదెందుకమ్మా” అన్నాడు వాడు. పక్కనే నిలబడి తలూపిన మహానుభావుడు పరుశురామే.

“డబ్బు ఇస్తుంటే చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగండి” అంది జ్యోతిబెన్ హిందీలో. “రసీదు లేదు కదా, సాక్షి ఉంటేనే ఈమె అర్జీ నిలబడుతుంది.”

ఆ చూసినవాడు పరుశురామే. సాక్షిగా సంతకం పెడితే పోలీసులు మొదట అడిగేది ‘వాడితో నీకేం పొత్తు’ అనే. దేవుని బట్ట సంగతీ వాళ్ళ చెవిన పడుతుంది. కేసుల చుట్టూ తిరిగి నౌకరీ ఊడితే పిల్లలను ఎట్లా సాకాలి?

“ఎవరన్న సూసిన్రా అవ్వా?” అని అడిగాడు. అడిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కొమురవ్వ అతని ముఖంలోకి చూసింది. “ఎవ్వరు లేరని చెప్పు బిడ్డా. నా ఆశే నన్ను ముంచిందని చెప్పు. పిల్లలున్నోనివి, పోలీసోళ్ళ ఎంట తిరుగుడు నీకెందుకు?”

ఆమె తనను కాపాడుతోంది! పోగొట్టుకున్నది ఆమె, దయ చూపిస్తున్నదీ ఆమె. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా అతని నోరు జ్యోతిబెన్‌తో ఏమందనుకున్నారు? “ఎవరూ లేరట. అంతా తన ఆశేనంటోంది” అనే అంది.

జ్యోతిబెన్ నిట్టూర్చి కలం మూత పెట్టేసింది. ముందుకు వంగి ముసలామె చేయి పట్టుకుని, అందరికీ చెప్పే మాటే మెల్లగా చెప్పింది. పరుశురాం అలవాటు ప్రకారం తెలుగు చేశాడు. “తప్పు నీది కాదంటున్నది అవ్వా.”

“గా మాట గామె అంటున్నదా, నువ్వంటున్నవా?”

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. పరుశురాంకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

“నేనే అంటున్న అవ్వా” అన్నాడు. జ్యోతిబెన్ వైపు తిరిగి, హిందీలో గడగడా చెప్పేశాడు. “చూసినవాడు ఉన్నాడు, బెన్. నేనే చూశాను. దేవుడికి నేసిన బట్ట వాడికి కప్పిందీ నేనే. అది చూసే ఈమె నమ్మింది. ఇంతసేపూ అబద్ధం చెప్పాను. సాక్షిగా నా పేరు రాయండి.”

జ్యోతిబెన్ కలం మూత తీసి పేరు రాసింది. అతను సంతకం పెట్టాడు. తలెత్తకుండానే కలం తిరిగిచ్చాడు. అది చూసి ఆవిడ జాలిపడి, ఆ అలవాటైన మాటే అతనికీ చెప్పింది. “తప్పు మీది కాదు, భాయీ. మోసం చేసినవాడిది.”

“నీకేమన్నది బిడ్డా?” అని అడిగింది కొమురవ్వ.

పరుశురాం ముక్కు తుడుచుకున్నాడు.

“తప్పు నాదే అన్నది అవ్వా.”

కొమురవ్వ తలూపింది. “మంచి మనిషి. ఉన్నమాట చెప్పింది” అని, తన ముందున్న నీళ్ళ గ్లాసును అతని వైపు జరిపింది. “జర నీళ్ళు తాగు. బయట ఇంకా శానమంది కూసున్నరు.”